తడవకూడనివి

వెనక్కి వచ్చిన నీలం డ్రమ్మును లారీ డ్రైవరు ఈసారి మోసుకొచ్చి పెట్టలేదు. హోటలు వెనక గేటు దగ్గర పడుకోబెట్టి కాలితో ఒక్క తోపు తోశాడు. అది పల్లపు దారిలో దొర్లుకుంటూ వచ్చి సెల్లారు గది గుమ్మానికి కొట్టుకుని ఆగింది.

"పైన పటారం, లోన లొటారం," అన్నాడు దూరం నుంచే. "రెండోసారమ్మా ఇది. మా యార్డులో దీన్ని కుమ్మరించినవాడు ఆ పూట తిండి మానేశాడు."

ఆమె సీసా మూత తిప్పడం ఆపి లేచింది. లేవడం ఆమెకు ఒక పెద్ద పని. ముందు ఎడమ చెయ్యి బల్ల అంచున ఆనాలి, తర్వాత కుడి మోకాలు నిటారు కావాలి. అన్నిటికన్నా చివర నడుము వస్తుంది, రానని మొరాయించే దూడలాగా.

డ్రమ్ము నిలబెట్టి మూత తీసింది. పైన అంతా శుభ్రంగానే ఉంది. విప్పి మడిచిన అట్టపెట్టెలు, నిన్నటి పేపర్లు, చక్కెర పొట్లాల కాగితాలు. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. మూరెడు లోతు దాటాక అట్ట చేతిలోనే విరిగింది. ఇంకా కిందకి పోతే అసలు అట్టే లేదు. నల్లటి గుజ్జు, దానిమీద నూగులాగా తెల్లటి బూజు. పుల్లటి వాసన ముక్కులోంచి గొంతులోకి దిగింది.

మేనేజరు వచ్చాడు గానీ గుమ్మం దాటలేదు. బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు. పక్కన సూపర్‌వైజరమ్మ, ఆమె వెనక రీసైక్లింగు కంపెనీ తరఫున వచ్చే అమ్మాయి. నెల కిందట చెత్త వేరుచేసే ఈ గది పెట్టినప్పటి నుంచి వారానికి రెండుసార్లు వచ్చి ప్రతి డ్రమ్ముకూ ముందూ వెనకా ఫోటోలు తీసుకుపోతుంది కాబట్టి అందరూ ఆ అమ్మాయిని ఫోటోల పిల్ల అంటారు. గుజ్జుకు కూడా ఒక ఫోటో తీసింది.

"ఎవరు వేశారిది?" అన్నాడు మేనేజరు.

"తెలీదు సార్. ఇది కిచెన్ వైపు డ్రమ్ము. నేను పై అంతస్తుల సంచులే విప్పుతాను. కిచెన్‌వి వాళ్ళే నింపి, మూతపెట్టి, నేరుగా బండి దగ్గరికి..."

"గది ఎవరి చేతిలో ఉంది?"

"నా చేతిలోనే సార్."

"మరి?"

ఆమె చేతి తొడుగుల వేళ్ళ చివర్ల నుంచి నల్లనీళ్ళు కారుతున్నాయి. బట్టలకు తగలకుండా చేతులు దూరంగా పట్టుకుంది.

"శుక్రవారం ఇంకో బండి వస్తుంది. అదీ తిరిగొస్తే వీళ్ళు మనకో దణ్ణం పెట్టేసి పోతారు. నేను ఈ గదికి తాళం వేస్తాను, నువ్వు మళ్ళీ పైకి. అంతే. ఎవరు వేశారో నాకు పేరు కావాలి. కిచెన్ కాంట్రాక్టరుకి చెప్తే సాయంత్రానికల్లా మనిషిని మార్చేస్తాడు."

పైకి అంటే మూడో అంతస్తు. రోజుకు పద్నాలుగు గదులు, పద్నాలుగు స్నానాల తొట్లు. గదికి రెండు మంచాలుంటే పరుపు నాలుగు మూలలూ ఎత్తి దుప్పటి దోపడం. మూడు నెలల కిందట ఒక తొట్టి కడుగుతూ వంగిన ఆమె మళ్ళీ తనంతట తాను నిటారు కాలేకపోయింది. సూపర్‌వైజరమ్మ వచ్చి చంకల కింద చేతులు వేసి లేపింది. ఈ గది పెడుతున్నారని తెలియగానే, "అక్కది అక్షరం ముత్యంలాగా ఉంటుంది సార్, డ్రమ్ములమీద పేర్లు రాయడానికీ పనికొస్తుంది," అని చెప్పి కిందికి దింపిందీ ఆవిడే. ఇక్కడ స్టూలు ఉంది. కూర్చుని చేసే పని. మూతలు వేరు, సీసాలు వేరు, మిగిలిన షాంపూ కడిగెయ్యడం, సబ్బు ముక్కలు ఒక డబ్బాలో వెయ్యడం. పక్కనే లాండ్రీ కాబట్టి గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. వీపు ఆనించుకుంటే ప్రాణం లేచొస్తుంది.

వాళ్ళు వెళ్ళాక ఆ గుజ్జును చిన్న పారతో తోడి ఆకుపచ్చ డ్రమ్ములో వేసింది. మూడు గంటలు పట్టింది.

సాయంత్రం ఇంట్లో బోర్లా పడుకుంటే అత్త వేడినీళ్ళ సంచి తెచ్చి నడుం మీద పెట్టింది.

"నెల్నాళ్ళకి ఇప్పుడే కాస్త మెత్తబడింది. మళ్ళీ ఇదేంటే, కొయ్యలాగా ఉంది? ఆ హోటలోళ్ళు మంచాలు చాలక నీ మీద గానీ పడుకున్నారా?"

ఆమె చెప్పింది. అత్త వింటూనే బొటనవేళ్ళతో వెన్ను పక్కల నొక్కింది.

"పేరడుగుతున్నాడు కదా, చెప్పి పారెయ్."

"ఎవరో తెలీందే ఎవరి పేరు చెప్పను?"

"అయితే తెలుసుకో. నడుం నీదే గానీ చేతులు నావి. ఇవి కూడా అరిగేవే."

వ్యాను దిగి అప్పుడే వచ్చిన భర్త గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "శుక్రవారం దాకా టైముంది కదమ్మా, ఊపిరి పీల్చుకోనీ," అన్నాడు.

"నువ్వు పీల్చుకో ముందు. వాసన చూస్తే స్నానం చేసి రెండ్రోజులైనట్టుంది," అంది అత్త.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే నడుం కలుక్కుమంది.

మర్నాడు పొద్దున టిఫిన్ల హాలు ఖాళీ అయ్యే వేళకు ఆమె మెట్లెక్కి కిచెన్ వెనక వరండాలోకి వెళ్ళింది. గిన్నెలు ఆరబెట్టే అలమర పక్కన నిలబడితే నీలం డ్రమ్ము కనిపిస్తుంది. దానిమీద తను రాసిన పట్టీ. తెల్ల అట్టమీద నల్ల రంగుతో, జానెడు ఎత్తు అక్షరాలు. అవి రాసినరోజు ఫోటోల పిల్ల వాటిని కూడా ఫోటో తీసుకుని, "ప్రింటు కొట్టినట్టున్నాయి అక్కా," అంది.

వంటవాళ్ళు ఇద్దరు వచ్చి అట్టపెట్టెలు విప్పి వేసి పోయారు. ఒకామె కూరగాయల తొక్కలు తెచ్చి సరిగ్గా ఆకుపచ్చలోనే వేసింది. చాలాసేపటికి కాఫీ బాబాయి వచ్చాడు.

ఆయనకు కాఫీ మిషను దగ్గర పని. అరవై దాటాక మనవరాలి పలక పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నాడని హోటల్లో పనివాళ్ళందరికీ తెలుసు, ఎందుకంటే ఆయన కనిపించిన ప్రతి అక్షరాన్నీ పైకి చదువుతాడు. చక్కెర పొట్లం మీదిది చదువుతాడు. లిఫ్టులో ఎంతమంది ఎక్కాలో చదువుతాడు. 'నేల తడిగా ఉంది, జారును' అనే పలకను రోజూ కొత్తగా చూసినట్టు చదివి, రోజూ జాగ్రత్తగా నడుస్తాడు. "బాబాయ్ వస్తున్నాడు, రాసినవేమన్నా ఉంటే దాచెయ్యండ్రోయ్, చదివేస్తాడు," అని వంటవాళ్ళు ఆటపట్టిస్తారు. "చదువుకున్నోడి బాధ మీకేం తెలుసురా," అంటాడు ఆయన.

ఇప్పుడాయన రెండు చేతులా ఒక ట్రే పట్టుకొచ్చాడు. ట్రే నిండా మిషనులోంచి తీసిన కాఫీ పిప్పి. అందులో నీళ్ళు వార్చడానికి ట్రేను కాసేపు ఏటవాలుగా పెట్టి ఉంచాడు కూడా. డ్రమ్ముల ముందు ఆగాడు. పెదాలు కదిలాయి. ఆకుపచ్చదాని మీద "త...డి." నీలందాని మీద "పొ...డి." తృప్తిగా తల ఊపి, నీలం డ్రమ్ములోని అట్టలను చేత్తో ఒకవైపు జరిపి, సందులోంచి అడుక్కి పోయేలా పిప్పినంతా వంచాడు. అంచుకు అంటిన దాన్ని భుజం మీది గుడ్డతో తుడిచాడు.

ఆమె అలమర వెనక నుంచి వచ్చింది. "బాబాయ్."

"ఏం తల్లీ, ఇటొచ్చావు? నడుం ఎట్లా ఉంది?"

"అది ఇందులో వేశావేంటి?"

"ఏది?"

"ఆ పిప్పి."

"పిప్పేంటమ్మా, కాఫీ పొడి." ఆయన పట్టీ మీద వేలు పెట్టాడు. "ఇదుగో, రాసింది నువ్వే కదా. పొడి. తేనీటి సంచులు మాత్రం తడిలో వేస్తున్నా, అవి సంచులు కాబట్టి. మొదటిరోజు నాకూ అనుమానం వచ్చిందిలే. తడిసిన పొడిని తడి అనాలా, పొడి అనాలా అని. ఎంత తడిసినా పొడి పొడే కదా అని వేశా. పైన పడితే అట్టలు పాడవుతాయని అడుక్కి వేస్తున్నా."

ఆమె పట్టీ వైపు చూసింది. పొడి. పక్కన 'చెత్త' అని కూడా రాయాల్సింది. అట్ట సన్నగా ఉందని, ఆ మాట కూడా చేరిస్తే అక్షరాలు కుదించుకుపోయి అందం చెడుతుందని, తనే వదిలేసింది. ఇప్పుడు ఎంతసేపు చూసినా అందులో ఆరినది అనే అర్థం కనిపించలేదు. కాఫీ పొడి, సబ్బు పొడి, ముగ్గురు మనుషులు చదివితే ముగ్గురికీ అదే అర్థం కావచ్చు.

"తప్పా?" అన్నాడు ఆయన గొంతు తగ్గించి.

"ఇకనుంచి ఆకుపచ్చలో వెయ్యి బాబాయ్," అంది. అప్పుడు పడినదాన్ని ఇద్దరూ తోడి ఆకుపచ్చలోకి మార్చాక కిందికి వచ్చేసింది. సెల్లారు మెట్లమీద ఒకసారి నవ్వొచ్చింది గానీ, గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చునేసరికి అది పోయింది.

మధ్యాహ్నం సూపర్‌వైజరమ్మ వచ్చింది. తలుపు చేరవేసి, విషయమంతా విని, నెత్తి కొట్టుకుంది.

"ఖర్మ! కాఫీ పొడా!" అవతల లాండ్రీ మిషను గిర్రున తిరిగి ఆగింది. "చూడక్కా. మేనేజరుకి మనం కాగితం రాసివ్వాలి. ముసలాయన చదివి కూడా వేశాడని రాస్తే నిర్లక్ష్యం అంటారు, ఆయన్ని తీసేస్తారు. పట్టీ తప్పని రాస్తే, ఎవరు రాశారంటారు. నీ పేరొస్తుంది. మేనేజరు నిన్ను పైకి పంపడానికి చూస్తున్నాడు, మూడో అంతస్తులో ఒకమ్మాయి మానేసిందట."

"మరి?"

"ఆయనకి చదువు రాదని రాద్దాం, కిచెన్ వాళ్ళ సంగతులు మేనేజరుకేం తెలుసు. చదువు రానివాళ్ళ కోసం మనం బొమ్మలు పెట్టలేదు, అది ట్రైనింగు లోపం. లోపానికి ఎవరి ఉద్యోగమూ పోదు. బొమ్మలు అతికిస్తారు, అయిపోతుంది. నువ్విక్కడ, ఆయనక్కడ. పాము చావదు, కర్ర విరగదు." జేబులోంచి ఒక తెల్ల కాగితం, సిరా మెత్త తీసి బల్ల మీద పెట్టింది. "నువ్వే రాయి, నీ అక్షరమైతే మేనేజరు అడ్డం చెప్పకుండా చదువుతాడు. ముసలాయన వేలిముద్ర వేయించుకుని రా."

ఆమె రాసింది. నాలుగు లైన్లే. ఎక్కడా కొట్టివేత లేదు.

కాఫీ బాబాయి మధ్యాహ్నం తిండి ముగించి, గిన్నెల గది వెనక నీళ్ళ డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చెప్పినదంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. "నా మూలాన బండి రెండుసార్లు తిరిగొచ్చిందా?" అని మాత్రం అన్నాడు. తర్వాత కాగితం అందుకుని, అలవాటుగా, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు.

"కా...ఫీ మిషను దగ్గర పని...చే...సే ఈ వ్య... వ్యక్తికి," అక్కడ ఊపిరి తీసుకున్నాడు, "చ...ద...వడం రాదు. కా...బట్టి డ్ర... డ్రమ్ము మీద రాసినది తె...లు...సు...కో...లేక..."

ఆమె గోడ వైపు చూస్తూ నిలబడింది. ఆయన చివరి అక్షరం దాకా ఆపకుండా చదివాడు.

"ఒక్క తప్పు లేదు," అన్నాడు కాగితం తిరిగిస్తూ. "గుండ్రంగా రాస్తావు నువ్వు. అందుకే నాకు తొందరగా అందుతాయి. పెన్నివ్వు, సంతకం పెడతా."

"సంతకం కాదు బాబాయ్. వేలిముద్ర."

"నాకు సంతకం..." అని ఆగిపోయాడు. "అవును కదా. చదువు రానోడు సంతకం పెడితే ఎట్లా." బొటనవేలు గుడ్డకేసి తుడుచుకున్నాడు. ఏళ్ళ తరబడి వేడినీళ్ళలో నాని ఆ వేలు ముడతలు పడి ఉంది. సిరా మెత్త మీద వేలు ఆనించబోయి, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తాడు.

"మరి తల్లీ, రేపట్నించి నేను గోడల మీదివి పైకి చదవకూడదేమో? ఎవరన్నా విని పైన చెప్తే, అబద్ధం రాశావని నీకు మాటొస్తుంది. మనసులో చదువుకుందామంటే నాకు ఇంకా అంత రాదు. నోటితో అంటేనే వస్తుంది."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. పని గురించి అడిగినట్టే అడిగాడు. ఆమె సిరా మెత్త మూత పెట్టేసింది. కాగితాన్ని రెండుగా, నాలుగుగా మడిచింది.

"ఉండనీ బాబాయ్," అంది.

మేనేజరు గదికి వెళ్ళేసరికి సూపర్‌వైజరమ్మ, ఫోటోల పిల్ల అక్కడే ఉన్నారు. ఆమె చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పట్టీ రాసింది తనే, 'చెత్త' అనే మాట వదిలేసింది తనే, రాసింది రాసినట్టు చదివి వేశాడు కాఫీ బాబాయి. సూపర్‌వైజరమ్మ కళ్ళతోనే వద్దు వద్దు అంటూ ఉండి, చివరికి కిటికీ వైపు తిరిగిపోయింది.

మేనేజరు కోప్పడతాడనుకుంది. ఆయన పగలబడి నవ్వాడు. "కాఫీ పొడి! పొడే కదా మరి!" వెంటనే ఫోను తీసి ఎవరికో ఆ ముక్క చెప్పి మళ్ళీ నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ, "సరే, శుక్రవారంలోగా మార్చండి. ఏం రాద్దాం?" అన్నాడు.

"ఎండు చెత్త?" అంది సూపర్‌వైజరమ్మ.

"ఎండుటాకులు ఊడ్చి అందులో పోస్తారు," అన్నాడు మేనేజరు.

"డ్రై అని రాసేద్దాం సార్," అంది ఫోటోల పిల్ల.

"డ్రై ఫ్రూట్స్ వేస్తాడు మీ బాబాయి. అసలు ఆయన్నే పిలవండి. ఆయనకి అర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టే."

కాఫీ బాబాయి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. సంగతి చెప్పారు. ఆయన ఎవరి మొహమూ చూడకుండా కాసేపు ఆలోచించాడు.

"తడిస్తే పాడైపోయేవే కదండీ అందులో వేసేవి?"

"అవును."

"అయితే 'తడవకూడనివి' అని రాయండి. అట్లా రాసుంటే నేను చచ్చినా వెయ్యకపోదును. నీళ్ళోడే ట్రే పట్టుకుని దాని దగ్గరికే పోను."

ఫోటోల పిల్ల ఆ మాటను ఫోనులో రాసుకుంది. "మిగతా హోటళ్ళలో కూడా ఇదే పెట్టమని మా వాళ్ళకి చెప్తా సార్," అంది.

"బాగుంది," అన్నాడు మేనేజరు. "ఈయనకి కిచెనూ తెలుసు, తప్పు ఎక్కడ జరిగిందో కూడా తెలుసు. కింద గదిలో ఈయన్నే పెట్టేద్దాం. కాంట్రాక్టరుతో నేను మాట్లాడతా." అప్పుడు ఆమె ఇంకా అక్కడే ఉన్నట్టు గమనించాడు. "నువ్వు సోమవారం నుంచి మూడో అంతస్తు. అక్కడ మనిషి లేక గదులు ఆలస్యమవుతున్నాయి. తప్పు ఒప్పుకున్నావు, మంచిదే. రాతలో ఏమీ పెట్టను."

బాబాయి నోరు తెరిచాడు. సూపర్‌వైజరమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది.

శుక్రవారం బండి తిరిగి రాలేదు. ఆ సాయంత్రం అత్త అంతా విని, "హరిశ్చంద్రుడి చెల్లెలు దొరికింది నాకు," అని వేడినీళ్ళ సంచి ఆమె పక్కన పడేసి లోపలికి పోయింది. కాసేపటికి తనే వచ్చి నొక్కడానికి కూర్చుంది. ఆ రోజు చాలాసేపు నొక్కింది.

సోమవారం పదకొండు గదులయ్యాక ఆమె సంచులు ట్రాలీ మీద వేసుకుని కిందికి దిగింది. నీలం డ్రమ్ముల మీద అచ్చువేసిన కొత్త కాగితాలున్నాయి. ఆ అక్షరాలు ఎవరి చేతివీ కావు. బాబాయి స్టూలు అంచున కూర్చుని ఉన్నాడు, ఎవరో ఇప్పుడే వచ్చి లేపేస్తారన్నట్టు. ఆమెను చూసి లేచాడు.

"రా తల్లీ. కూర్చో కాసేపు."

"కూర్చుంటే లేవలేను బాబాయ్. ఇంకా మూడు గదులున్నాయి."

"నేను అడగలేదమ్మా ఈ పని."

"తెలుసు. మూతలు వేరే సంచిలో వేస్తున్నావా?"

"వేస్తున్నా."

"గోడకి వీపు ఆనించుకో. వెచ్చగా ఉంటుంది."

ఆయన తల ఊపాడు గానీ ఆనించుకోలేదు. ట్రాలీ మీది సంచికి కట్టిన చీటీ విప్పాడు. అది ఈ వారం నుంచి పెట్టిన పద్ధతి. ఏ సంచి ఎక్కడిదో, అందులో ఏమున్నాయో తెచ్చినవాళ్ళు రాయాలి. తీసుకున్నవాళ్ళు చదివి, సంతకం పెట్టాలి. ఆయన చీటీని దీపం వైపు తిప్పి, వేలు పెట్టాడు.

"మూ...డో అం...త...స్తు." ఆగి, ఆమె మొహం చూశాడు. ఆమె తల ఊపింది. "ఖా...ళీ సీ...సాలు..."

ఆమె రాసినదే. అందులో ఏముందో ఆమెకు తెలుసు. గబగబా తనే చెప్పేస్తే అర నిమిషం పని. పైన లిఫ్టు గంట రెండుసార్లు మోగింది, ఎవరో ట్రాలీ కోసం చూస్తున్నారు. ఆమె ఒక చేత్తో ద్వారబంధం పట్టుకుని, బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది.

"పే...పర్లు," అని చదివి ఆయన సంతకానికి పెన్ను తీశాడు.

"కింద ఇంకో లైనుంది బాబాయ్," అంది ఆమె.